హెల్త్ స్టడీకి వాలంటీర్లుగా వెళ్లాం: టెస్టులు ఓకే, టైమింగే దెబ్బేసింది

ముందే చెప్పేస్తా, ఫ్రీ బాడీ చెకప్ అనుకుని వెళ్తే మూడు స్టార్లే, ఆ పని ఏ డయాగ్నస్టిక్ సెంటర్లో అయినా ఇంతకంటే తొందరగా అయిపోతుంది. ఊళ్లో జనం ఎందుకు జబ్బు పడుతున్నారో ఊరు మొత్తాన్ని పట్టి చూసే స్టడీ అని తెలిసి వెళ్తే నాలుగు. ఐదోది ఎందుకు ఇవ్వలేదో కింద రాశా, కొంచెం పొడుగుంది, ఓపికుంటే చదవండి.

మాది మునుగోడు సైడ్ ఊరు. నేను ఉండేది ఉప్పల్లో, అమ్మా నాయినా ఊళ్లోనే. హైదరాబాద్ నుంచి ఒక రీసెర్చ్ టీమ్ వచ్చింది, పేరు రాయను, ఎందుకంటే కింద కొన్ని కంప్లైంట్లు ఉన్నాయి, ఫీల్డులో తిరిగే పిల్లల ఉద్యోగాల మీదికి రావడం నాకిష్టం లేదు. ఊళ్లో కొన్ని ఇళ్లని లాటరీ తీసినట్టు ఎంచుకున్నారట, మా ఇల్లు తగిలింది. మా ఊరి ఆశ వర్కర్ అక్క వెంట ఉంది కాబట్టి గేటు తీశారు గానీ లేకపోతే మా అమ్మ అసలు లోపలికే రానిచ్చేది కాదు. "మన రక్తం దీస్కపోయి ఏం జేస్తరు బిడ్డా, మందులు మన మీదనే చూస్తరా?" అని నాకు ఫోన్ చేసి అడిగింది. నవ్వుకునే ప్రశ్న కాదు ఇది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకాలు (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేవి) వేసినప్పుడు చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టిన సంగతి పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది, 2010 ఏప్రిల్‌లో ఆ ప్రోగ్రామే ఆపేశారు. కాబట్టి ఎవరొచ్చినా ఏం చేస్తారు, సంతకం ఎవరిది, మధ్యలో మానేయొచ్చా అని అడగాల్సిందే.

వీళ్లు ఆ విషయంలో మాత్రం పద్ధతిగానే ఉన్నారు. మందులు ఇచ్చేదేం లేదు, కొలతలు, రక్తం, ప్రశ్నలు అంతే అని తేల్చి చెప్పారు. కన్సెంట్ ఫారం తెలుగులోనే ఉంది గానీ పాత రిజిస్ట్రేషన్ దస్తావేజు లాంటి భాష, వచ్చిన అమ్మాయి రెండు లైన్లు చదివి పక్కన పెట్టేసి మామూలు మాటల్లో చెప్పింది, అది నచ్చింది. నాయిన వేలిముద్ర వేశాడు, పక్కింటి చిన్నమ్మ సాక్షి సంతకం. ఒక కాపీ మన దగ్గర ఉండాలి, వాళ్లు మర్చిపోతే అడిగి తీసుకోండి.

క్యాంప్ గవర్నమెంట్ స్కూల్లో. పరగడుపున రమ్మన్నారు, వాడుతున్న మాత్రల షీట్లు తెచ్చుకోమన్నారు. రక్తం తీసినాయన చెయ్యి మంచిది, ఒక్కసారికే నరం దొరికింది. బీపీ గ్యాప్ ఇచ్చి మూడుసార్లు చూశారు, మొదటిసారి భయానికి ఎక్కువ చూపిస్తుందట, మన క్లినిక్కుల్లో అయితే మెట్లెక్కి వచ్చిన మనిషికి అప్పుడే పట్టీ చుట్టేస్తారు. పిడికిలి బలం చూసే మిషన్ దగ్గర ముసలోళ్లంతా పందెం మొదలుపెట్టారు, ఎవరికెంత వచ్చిందని పలక మీద రాసుకోవడమే తక్కువ. ఊపిరితిత్తుల టెస్టులో గొట్టంలోకి గట్టిగా ఊదాలి, మా అమ్మ రెండుసార్లు నవ్వేసింది, మూడోసారి ఊదింది, ఆమె సగం జీవితం కట్టెల పొయ్యి ముందే గడిచింది కాబట్టి ఆ నంబర్ ఎంతొస్తుందా అని నాకు గుబులుగానే ఉండె. చివర్లో నడుముకి ఒక చిన్న మిషన్ ఉన్న బెల్టు కట్టారు, మనిషి రోజూ ఎంత కదులుతున్నాడో అది రాసుకుంటుంది, వారం పాటు ఉంచుకోవాలి. నాయిన ఎక్కడికెళ్తే అక్కడ "ఇదేంది, కొత్త పింఛన్‌దా?" అని అడగడమే.

అసలు సరుకు ప్రశ్నల్లో ఉంది. నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం తిన్నారు అని గిన్నెలు గరిటెలు ముందు పెట్టి కొలతలతో సహా అడుగుతారు. నెలకి నూనె ప్యాకెట్లు ఎన్ని, ఉప్పు ఎంత, పచ్చడి రోజూ ఉంటుందా. తాగేది భగీరథ నల్లా నీళ్లా, ప్లాంటు క్యానా, పాత బోరా. మా సైడు ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే కదా, నల్లా వచ్చాక కూడా క్యాన్లు కొనే ఇళ్లు ఎన్నో ఉన్నాయి, ఎందుకని అడిగితే రుచి అంటారు. బస్టాండుకి ఎంత దూరం, రాత్రి హాస్పిటల్‌కి పోవాల్సొస్తే పదివేలు ఎవరిని అడుగుతారు, ఇలాంటివి కూడా. ఈ పదివేల ప్రశ్నకి అమ్మ చాలాసేపు ఆలోచించింది.

ఇవన్నీ ఎందుకు అని నాకూ అనిపించింది, తర్వాత కొంచెం చదివా. మన రంగారెడ్డి జిల్లాలోనే 1987 నుంచి 1990 దాకా 29 ఊళ్లలో ఒక పని చేశారు, 15 ఊళ్లలో గర్భిణులకి, బాలింతలకి, ఆరేళ్లలోపు పిల్లలకి రోజూ మొక్కజొన్న సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు, మిగతా 14 ఊళ్లకి అప్పటికి ఆ స్కీమ్ రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకొచ్చాక 2003-05లో మళ్లీ వెతికి కొలిస్తే, ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు, వాళ్ల రక్తనాళాలు తక్కువ బిగుసుకుని ఉన్నాయి, ఇన్సులిన్ కూడా మెరుగ్గా పనిచేస్తోంది. తర్వాత వాళ్ల అమ్మానాన్నల్ని, తోబుట్టువుల్ని కూడా కలిపి ఇప్పటికీ ఫాలో అవుతున్నారు. ఆ ఊళ్లలోనే గాలి మీద ఇంకో స్టడీ చేస్తే, గాలిలో సన్నటి ధూళి ఎక్కువున్న చోట పెద్దవాళ్ల ఎముకల్లో ఖనిజం తక్కువ కనిపించింది, 3,717 మందిని చూశారు, 2020లో వచ్చింది. గాలికీ ఎముకకీ సంబంధం ఉందని ఏ ల్యాబ్ రిపోర్టు చూసి మనకి తెలుస్తుంది చెప్పండి, ఇన్ని ఊళ్లు కలిపి చూస్తేనే బయటపడేవి ఇవి. నా ఓటు పడింది ఇక్కడే.

ఇక కంప్లైంట్లు. ఒకటి, ఇంటర్వ్యూ అరుగు మీద పెట్టారు. చుట్టూ పది మంది నిలబడి వింటుంటే కల్లు ఎన్ని సీసాలు, అప్పు ఎంత అని అడిగితే ఎవడు నిజం చెప్తాడండి, మా నాయిన "ఎప్పుడో పండక్కి" అన్నాడు, వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నేను గొడవ చేశాక లోపలి గదిలోకి మార్చారు, అక్కడ జవాబు వేరేగా వచ్చింది. అంతకుముందు అరుగు మీద కూర్చున్నవాళ్ల జవాబుల సంగతేంటి మరి?

అన్నింటికంటే పెద్దది టైమింగ్. పత్తి ఏరే సీజన్‌లో, అదీ పొద్దున పూట క్యాంప్ పెట్టారు. దారి ఖర్చులు, పోయిన కూలికి కొంత ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా, కానీ ఆ డబ్బులు అప్పుడు చేనులో నడుస్తున్న రేటులో సగం. లాటరీలో పేరొచ్చిన కూలి ఇళ్ల వాళ్లు చాలామంది రాలేదు. వచ్చినోళ్లు ఎవరయ్యా అంటే పింఛన్ తాతలు, మా లాంటి కొంచెం తీరిక ఉన్న ఇళ్లు. ఎండలో నడుం వంచి పనిచేసేవాళ్లు, ఆ పురుగుమందుల మధ్య తిరిగేవాళ్లు లెక్కలోనే లేకపోతే ఊరి ఆరోగ్యం అని ఏం రాస్తారు మీరు? సూపర్‌వైజర్‌ని అడిగితే ప్రాజెక్టు గడువు అన్నాడు. సాయంత్రం ఏడింటికి ఇళ్ల దగ్గర కొలతలైనా తీసుకోవచ్చు కదా అంటే నోట్ చేసుకుంటా అన్నాడు.

రిపోర్ట్ విషయం సగం సగం. నాయిన షుగర్ బాగా ఎక్కువుంటే వెంటనే డాక్టర్ ఫోన్ చేసి పీహెచ్‌సీకి పొమ్మని చెప్పారు, దానికి దండం. మామూలు రిపోర్టులు మాత్రం చాలా లేటుగా వాట్సాప్‌లో వచ్చాయి, మొత్తం ఇంగ్లీషు, ఎక్కువ తక్కువలకి ఎర్ర రంగు, ఎర్రది చూసి అమ్మ రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు, తీరా చూస్తే విటమిన్ డి. ఊరి మొత్తం లెక్క ఏమైందంటే పేపర్ పబ్లిష్ అవుతుంది అన్నారు. ఆ పేపర్ మా ఊళ్లో ఎవరు చదువుతారు, గ్రామసభలో ఒక గంట నిలబడి నీళ్లు ఇట్లా ఉన్నాయి, ఉప్పు ఇంత తింటున్నారు అని చెప్తే అయిపోయేది.

మీ ఇంటికి ఇలాంటి టీమ్ వస్తే ఎథిక్స్ కమిటీ (మనుషుల మీద చేసే స్టడీ పద్ధతిగా ఉందా అని ముందే చూసే కమిటీ) అనుమతి ఉందా అని అడగండి, ఫారంలో ఫోన్ నంబర్ ఉంటుంది, సంతకానికి ముందే ఒకసారి కొట్టి చూడండి, ఇంటర్వ్యూ లోపల గదిలోనే అని చెప్పండి. చేతులు పైకి మడిచే వీలున్న బట్టలేసుకోండి. రెండో రౌండ్‌కి మళ్లీ వస్తామన్నారు, అమ్మ సరే అంది, కాకపోతే పత్తి అయిపోయాక పెడితేనే అని ఆశ అక్కకి గట్టిగా చెప్పి పంపింది. నాయిన రక్తం ఎంతైనా ఇస్తాడట, ఆ బెల్టు మాత్రం కట్టుకోడట.