సర్జరీ తర్వాత బరువు ఆగిందని "పౌచ్ రీసెట్" కిట్లు కొనకండి, హైదరాబాద్ వాళ్ళు జాగ్రత్త

అందరికీ నమస్తే. బరువు తగ్గడానికి సర్జరీ చేయించుకుని, కొన్ని నెలల తర్వాత మెషీన్ మీద నంబర్ కదలట్లేదని ఏడుస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి ఇది మొత్తం చదవండి, మీ ఇంట్లోవాళ్ళతో కూడా చదివించండి. మాదాపూర్, కొండాపూర్ వైపు మనలాంటి పేషెంట్ల కోసమే అని చెప్పుకుంటూ కొన్ని "వెల్‌నెస్ సెంటర్లు" నడుస్తున్నాయి, అందులో ఒక దాంట్లో నాకు జరిగింది చెప్తున్నా. పేరు రాయట్లేదు, కానీ పద్ధతి చెప్తే మీరే గుర్తుపడతారు.

నాది స్లీవ్ సర్జరీ. అంటే స్టమక్‌లో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. మొదట్లో బాగా తగ్గాను, తర్వాత మెల్లగా, ఆ తర్వాత వారాల తరబడి అదే నంబర్. నాతో పాటు అదే హాస్పిటల్లో చేయించుకున్న ఒకాయన నాకంటే చాలా ఎక్కువ తగ్గిపోయాడు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ "అన్ని లక్షలు పెట్టి కోయించుకున్నవ్ గదా బిడ్డా, ఇంకా గిట్లనే ఉన్నవేంది" అనడం, మనం నవ్వి ఊరుకోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, ఇదంతా మీకు వేరే చెప్పక్కర్లేదు. ఈ సెంటర్ల వాళ్ళకి కావాల్సింది సరిగ్గా ఈ బాధే.

వాట్సాప్ గ్రూప్‌లో నా బాధ చెప్పుకుంటే ఒకావిడ విడిగా మెసేజ్ పెట్టింది, అక్కా నేనూ స్లీవ్ పేషెంట్‌నే, నాకూ ఇలాగే ఆగితే వీళ్ళ దగ్గర మళ్ళీ తగ్గింది అని. ఆవిడ పేషెంట్ కాదు, ఆ సెంటర్‌లో కమిషన్ మీద పనిచేసే మనిషి అని చాలా తర్వాత బయటపడింది. సెంటర్‌కి వెళ్తే తెల్ల కోటు వేసుకున్న ఒకతను మెషీన్ మీద నిలబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి, "మీ పౌచ్ సాగిపోయింది మేడమ్, మా పౌచ్ రీసెట్ కిట్‌తో మళ్ళీ చిన్నది చేస్తాం" అన్నాడు. ఒక స్కాన్ లేదు, ఎండోస్కోపీ లేదు, ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ కూడా అడగలేదు. అసలు పౌచ్ అంటే స్టమక్ పైభాగంలో చేసే చిన్న సంచి, అది ఉండేది బరువు తగ్గడానికే చేసే ఇంకో రకం సర్జరీ, గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్ళకి, నాది స్లీవ్, ఆ తేడా కూడా చూడకుండా చెప్పాడంటే వాళ్ళు అందరికీ అదే బొమ్మ గీస్తున్నారని అర్థం.

24 వేలు. అది కూడా ఒక మనిషి పర్సనల్ నంబర్‌కి ఫోన్‌పే చేయించుకున్నారు, బిల్లు అడిగితే "జీఎస్టీ వేస్తే మీకే ఎక్కువ పడుతుంది మేడమ్" అన్నారు. కిట్‌లో ఒక పొడి డబ్బా, టీ ప్యాకెట్లు, ఒక సీసాలో క్యాప్సూల్స్. దేని మీదా ఏమేం కలిపారో లేదు, తయారు చేసినవాళ్ళ అడ్రస్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, "100% హెర్బల్" అని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. మొదటి కొన్ని రోజులు అన్నం, గుడ్డు, చికెన్ ఏమీ వద్దు, ఆ షేక్, ఆ టీ మాత్రమే అన్నారు. అన్నిటికంటే ఘోరం ఏంటంటే నేను రోజూ వేసుకునే విటమిన్ టాబ్లెట్లు, కాల్షియం ఆపేయమన్నారు, "అవే మీ బరువుని పట్టి ఉంచుతున్నాయి" అట. దయచేసి ఈ మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు. మనకి విటమిన్లు జీవితాంతం. బీ12 తగ్గితే కాళ్ళు చేతులు తిమ్మిర్లు, ఐరన్ తగ్గితే రక్తహీనత, ఇక వాంతులు అవుతూ బీ1 పడిపోతే నరాలకీ మెదడుకీ దెబ్బ, అది ఎమర్జెన్సీ.

మొదలుపెట్టగానే బరువు తగ్గింది, అబద్ధం చెప్పను. కానీ తగ్గింది మోషన్స్ వల్ల. ఫోన్ చేస్తే "టాక్సిన్లు పోతున్నాయి మేడమ్, మంచిదే, ఆపొద్దు" అన్నారు. తర్వాత కళ్ళు తిరగడం, పిక్కలు పట్టేయడం, గుండె దడ. మా ఆయన భయపడి రాత్రికి రాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్తే పొటాషియం బాగా పడిపోయిందని సెలైన్ పెట్టి ఉంచేశారు. పొటాషియం తగ్గితే గుండె కొట్టుకునే తీరే మారిపోతుందని అక్కడ డాక్టర్ చెప్పాక మా ఆయన చేతులు వణకడం నేను చూశాను. చూడ్డానికి వచ్చిన మా మేనత్త ఆ టీ ప్యాకెట్ చింపి వాసన చూసి, ఇది సునాముఖి ఆకు కదే, విరేచనాలకి వాడేది, దీన్ని రోజుకి మూడుసార్లు తాగమన్నారా అని అడిగింది. విరేచనాలతో పోయేది నీళ్ళూ లవణాలే, కొవ్వు కాదు.

క్యాప్సూల్స్ సంగతి ఇంకా భయం. సిబుట్రమిన్ అని ఒక ఆకలి చంపే మందు ఉండేది, గుండెకి ప్రమాదం అని మన దేశంలో 2011లో నిషేధించారు. నిషేధించాక కూడా హెర్బల్ అని అమ్మే స్లిమ్మింగ్ క్యాప్సూల్స్‌లో దాన్ని రహస్యంగా కలిపినట్టు చాలా దేశాల్లో ల్యాబ్ పరీక్షల్లో పట్టుబడింది. అందుకే లేబుల్ లేని క్యాప్సూల్ మింగడం అంటే ఏం మింగుతున్నామో తెలియకుండా మింగడమే.

కోలుకున్నాక నా సర్జన్ దగ్గర కూర్చుని అడగాల్సినవన్నీ అడిగాను, ఆయన చెప్పింది మీకూ పనికొస్తుందని రాస్తున్నా. ఆపరేషన్ అయిన రెండు మూడు వారాలకే చాలామందికి ఒకసారి బరువు ఆగుతుంది. మొదట్లో ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే నిల్వ ఉన్న చక్కెర, ఖర్చై దాన్ని పట్టుకున్న నీళ్ళు పోతాయి కాబట్టి గబగబా తగ్గినట్టు ఉంటుంది, తర్వాత ఒళ్ళు సర్దుకుంటుంది. అసలు తగ్గుదల సంవత్సరం నుంచి ఏడాదిన్నర దాకా సాగుతుంది, మధ్యమధ్యలో ఇలా ఆగుతూనే. ఒళ్ళు చిన్నదయ్యేకొద్దీ ఖర్చు చేసే క్యాలరీలూ తగ్గుతాయి, అందుకే తర్వాత తర్వాత నెమ్మది. మగవాళ్ళు, మొదట్లో ఎక్కువ బరువున్నవాళ్ళు ఎక్కువ కిలోలు తగ్గుతారు, నాతో పాటు చేయించుకున్న ఆ పేషెంట్‌తో పోల్చుకుని నేను కుమిలిపోవడంలో అర్థమే లేదు. ఇక "రీసెట్" గురించి, నాలుగు రోజులు ద్రవాలు తాగితే స్టమక్ కుంచించుకుపోదు, అలా జరుగుతుందని రుజువు లేదు అన్నారు.

నిజంగా చూడాల్సినవి వేరే ఉన్నాయి. థైరాయిడ్, నిద్ర, వేసుకునే మందులు. ఇన్సులిన్, స్టెరాయిడ్, కొన్ని డిప్రెషన్ మందులు బరువు పెంచుతాయి, అలాగని మీరే ఆపేయకండి, డాక్టర్‌కి చెప్పండి. తిండిలో ప్రోటీన్ రోజుకి 60 నుంచి 80 గ్రాములు అంటారు, ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది కాబట్టి లెక్క వేసుకుంటే ఎంత తక్కువ తింటున్నామో తెలుస్తుంది. స్లీవ్‌లో చికెన్ కొంచెం తినగానే నిండిపోతుంది, కానీ చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్, ఐస్‌క్రీమ్, జ్యూస్ లాంటివి ఎన్ని వేసినా జారిపోతాయి, నిండినట్టే ఉండదు. మా డైటీషియన్ నా తిండి డైరీ చూసి సాయంత్రం చాయ్ దగ్గరే ఆగింది. తింటూ నీళ్ళు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగాలి, ఐరన్ కాల్షియం ఒకేసారి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలు గ్యాప్. అన్నీ చేసినా ఆగిపోతే సర్జనే పరీక్షలు చేసి, కావాలంటే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటి ఇంజెక్షన్లు ప్రిస్క్రిప్షన్ మీద ఇస్తారు. సెంటర్లలో, వాట్సాప్‌లో ఎవరైనా అవి అమ్ముతామంటే ఆమడ దూరం ఉండండి.

డబ్బులు వెనక్కి అడిగితే మొదట రేపు మాపు అన్నారు, తర్వాత "మీరు డైట్ సరిగ్గా ఫాలో అవ్వలేదు" అన్నారు, ఆ తర్వాత నంబర్ బ్లాక్ చేశారు, ఆ గ్రూప్‌లోంచి కూడా తీసేశారు. తీసేశాక ఇంకా ఇద్దరు అక్కలు నాకు ఫోన్ చేసి మాకూ అదే బొమ్మ గీశారు అని చెప్పారు, వాళ్ళలో ఒకావిడ అప్పటికీ విటమిన్లు మానేసి ఉంది, ఆ రోజే మొదలుపెట్టించాను.

కొనేముందు ఏం చూడాలో కూడా తెలుసుకోండి. హెల్త్ సప్లిమెంట్ అయితే డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నంబర్, పదార్థాల లిస్ట్, "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని రాసి ఉండాలి. ఆ నంబర్ ఉన్నంత మాత్రాన బరువు తగ్గిస్తుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు కాదు. ఊబకాయం నయం చేసే మందు అని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందే నేరం. బిల్లు ఇవ్వనివాళ్ళకి, పర్సనల్ నంబర్‌కి డబ్బు వేయమనేవాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వకండి.

నేను నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టాను, తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళకి కూడా 1800-599-6969లో చెప్పాను, అది పనిరోజుల్లో ఎత్తుతారు. పేమెంట్ స్క్రీన్‌షాట్, వాట్సాప్ చాట్, హాస్పిటల్ రిపోర్టులు అన్నీ పెట్టుకున్నా. మీ దగ్గర అలాంటి కిట్ మిగిలి ఉంటే కోపంలో చెత్తలో పడేయకండి, సీసా, టీ ప్యాకెట్లు మూత పెట్టి అలాగే ఉంచండి, శాంపిల్ కింద అవే కావాలి. ఇప్పుడు వాడుతూ మోషన్స్, కళ్ళు తిరగడం, దడ ఉన్నవాళ్ళు ఈ పోస్ట్‌కి రిప్లై ఇవ్వడం కూడా తర్వాత, ముందు ఈ రాత్రికే హాస్పిటల్‌కి వెళ్ళండి, సర్జరీ ఎప్పుడైందో, ఏం తాగారో డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.