వాల్-ఓ-మాట్: ఎవరి మాటో చెబుతుంది, ఎప్పటి మాటో చెప్పదు

2025 ఫిబ్రవరి 23 నాటి జర్మనీ పార్లమెంటు ఎన్నికల్లో తొలిసారి ఓటు వేయవలసి రావడంతో, ఇక్కడ చాలామంది చేసినట్టే నేనూ వాల్-ఓ-మాట్ తెరిచాను. ప్రభుత్వ పౌర విద్యా సంస్థ 2002 నుంచి ఎన్నికల వేళ ఉచితంగా నడుపుతున్న ఈ ఆన్‌లైన్ సేవలో 38 వాక్యాలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ప్రతిదానికీ ఒప్పుకుంటాను, తటస్థం, ఒప్పుకోను అన్నవాటిలో ఒకటి నొక్కాక, మన జవాబులు ఏ పార్టీకి ఎంత శాతం దగ్గరో లెక్కగట్టి చూపుతుంది. పార్టీలు తమ వైఖరికి సొంత మాటల్లో ఇచ్చుకున్న వివరణలను కూడా అక్కడే చదవవచ్చు. నా మట్టుకు శాతాలకన్నా విలువైనవి అవే.

వేరే ఐరోపా సమాఖ్య దేశం మీదుగా వచ్చిన శరణార్థులను జర్మనీ సరిహద్దులోనే తిప్పి పంపాలన్న వాక్యం దగ్గర నా వేలు ఆగింది. ఫలితాల పేజీలో చూస్తే సంప్రదాయవాద సీడీయూ, తీవ్ర మితవాద ఏఎఫ్‌డీ రెండూ దానికి ‘ఒప్పుకుంటాను’ అన్నాయి. ఆ రెండు జవాబులూ ఒకచోటికి చేరిన దారి మాత్రం తెరపై లేదు.

ఏఎఫ్‌డీ 2013లో యూరో సంక్షోభం మీద పుట్టిన పార్టీ. 2015లో శరణార్థులు లక్షల్లో వచ్చాక దాని గొంతు వారి మీదికి మళ్లింది, 2017లో 12.6 శాతం ఓట్లు వచ్చాయి. కరోనా కాలంలో, 2021లో, అవి 10.3కి తగ్గాయి కనుక సంక్షోభం ఒక్కటే ఇలాంటి పార్టీలను పెంచుతుందనడం తొందరపాటు. వారి మాటను తన నోట పలికే పెద్ద పార్టీ కూడా కావాలని నా అభిప్రాయం. 2025 జనవరి 22న ఆషాఫెన్‌బుర్గ్ పార్కులో జరిగిన కత్తిదాడిలో రెండేళ్ల పసివాడు, 41 ఏళ్ల వ్యక్తి చనిపోయారు. వారం తిరిగేసరికి, సరిహద్దులో తిప్పి పంపాలన్న సీడీయూ నేత ఫ్రీడ్రిష్ మెర్ట్స్ తీర్మానం పార్లమెంటులో ఏఎఫ్‌డీ ఓట్లతో కలిపి 348-344 తేడాతో నెగ్గింది. ఆ పార్టీ బలంతో మెజారిటీ తెచ్చుకోబోమన్నట్టు అంతకుముందు నవంబరులో మాట్లాడింది ఆయనే. తీర్మానం నెగ్గిన మరునాడు ఆయన సొంత పార్టీ మాజీ ఛాన్సలర్ అంగేలా మెర్కెల్ బహిరంగంగా తప్పుపట్టారు. వలసలను కట్టడి చేయాలంటూ ఆయన పార్టీ తెచ్చిన బిల్లు 31న వీగిపోయింది. మాట మాత్రం వీగలేదు. ఫిబ్రవరిలో ఏఎఫ్‌డీకి 20.8 శాతం వచ్చింది, మే నెలలో మెర్ట్స్ ప్రభుత్వం ఏర్పడిన మరునాడే తిప్పి పంపడం మంత్రి ఆదేశమైంది.

ప్రతి వైఖరి పక్కన ఆ పార్టీ దాన్ని ఏ ఏడు ఎత్తుకుందో ఒక్క అంకె వేసినా ఈ కథంతా కనిపించేది. అది లేనందుకు ఒకటి తగ్గించి అయిదుకు నాలుగు ఇస్తున్నాను. పాత ఎన్నికల ప్రశ్నావళులు సంస్థ వెబ్‌సైటులో ఇప్పటికీ ఉన్నాయి. యూరోను ఉంచుకోవాలా అని అడిగిన 2013 నాటిదానితో మొదలుపెట్టి వరసగా నాలుగూ నింపడానికి నాకు ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది.