చీరల వీడియో యాడ్స్ చేయించుకున్నాం, 27 వేలకి ఏం వచ్చిందంటే

మాది మంగళగిరి చేనేత చీరలు అమ్మే చిన్న ఆన్‌లైన్ స్టోర్. రెండేళ్లుగా ఫొటోలతోనే ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో అమ్ముకుంటున్నాం. ఈసారి దసరాకి వీడియో యాడ్స్ వేద్దామని విజయవాడలో ఒక ఏజెన్సీకి మూడు వీడియోలకు 27 వేలు ఇచ్చాం. వాళ్ల పేరు రాయను. చీరలో, నగలో, పచ్చళ్లో ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు ఇలాంటి ప్యాకేజీ తీసుకునే ముందు చదువుతారని రాస్తున్నా.

ముందు బాగున్నవి చెప్తాను. చెప్పిన టైముకి వచ్చారు. లైటింగ్ చాలా శ్రద్ధగా పెట్టారు. కెమెరా అబ్బాయికి బట్ట సంగతి తెలుసు, జరీ మీద లైటు నేరుగా పడితే తెల్లగా మెరిసిపోయి నేత కనపడదని పక్క నుంచి వేయించాడు. నిజాం బోర్డర్‌లో గోపురాల్లా వచ్చే చిన్న చిన్న మొనలు ఒక్కొక్కటీ విడిగా కనిపించాయి. మా ఫోన్ ఫొటోల్లో ఎప్పుడూ అలా రాలేదు.

తలనొప్పంతా ఎడిటింగ్ అయ్యాక మొదలైంది. మొదటి వీడియో 45 సెకన్లు, అందులో ముందు ఐదు సెకన్లు మా లోగో తిరుగుతుంది, తర్వాత గాలిగోపురం మీదుగా డ్రోన్ షాట్, చీర కనిపించేసరికి 11వ సెకను. రీల్స్ చూసేవాళ్లు అంతసేపు ఎందుకు ఆగుతారు? యాడ్ లెక్కలు చూపించే యాడ్స్ మేనేజర్లో చూస్తే చాలామంది మూడు సెకన్లు కూడా దాటలేదు. పైగా వీడియో అడ్డంగా తీశారు. ఫోన్లో నిలువుగా, అంటే 9:16లో ఉండాల్సింది, పైనా కిందా నల్ల పట్టీలతో వచ్చింది. ధర రాసిన లైను సరిగ్గా యాడ్ బటన్ కిందకి పోయింది. నేపథ్యానికి సినిమా పాట పెట్టారు, హక్కులు లేవని యాడ్ ఆగిపోయింది. ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా వాళ్ల సౌండ్ కలెక్షన్లో ఉచితంగా వాడుకునే మ్యూజిక్ ఉంటుందని చివరికి నేనే వెతికి ఇచ్చాను.

తెలుగు అక్షరాల సంగతి మరీ బాధేసింది. "చేనేత వస్త్రాలు" అన్న చోట "వస్ త్ రాలు" అని పొల్లులతో ముక్కలై పడింది. ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చుకుంటే వత్తులు సరిగ్గా వస్తాయి, రెండు నిమిషాల పని. ఏజెన్సీ వాళ్లకి చెప్తే "ఎవరూ గమనించరు మేడమ్" అన్నారు. చాలామంది సౌండ్ పెట్టకుండానే చూస్తారు కదా, వాళ్లకి మనం చెప్పేదంతా ఆ అక్షరాలే.

రంగు దగ్గరే నిజంగా నష్టపోయాం. అందంగా ఉంటుందని కలర్ గ్రేడింగ్, అంటే ఎడిటింగ్‌లో రంగులు దిద్దడం, చేశారు, మా వంకాయ రంగు చీర ముదురు నీలమైపోయింది. వీడియో చూసి ఆర్డర్ పెట్టిన ఆరుగురిలో నలుగురు వెనక్కి పంపారు. రెండువైపులా కొరియర్ ఖర్చు మాదే. షాపులో అయితే చీరని చేత్తో పట్టుకుని, వేళ్ల మధ్య నలిపి, గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్లి చూస్తారు. ఆన్‌లైన్లో ఆ చేయి చేసే పని వీడియో చేయాలి. ఏజెన్సీ వాళ్లు మా ఊరి గురించి, సంప్రదాయం గురించి చక్కటి ఫిల్మ్ తీశారు. బట్ట పలచనా మందమా, కుచ్చిళ్లు నిలబడతాయా అన్నది మాత్రం ఎక్కడా లేదు.

ఇంకొకటి, యాడ్ రన్ చేసే పని కూడా వాళ్లకే ఇచ్చాం. సేల్స్ అని పెట్టకుండా వీడియో వ్యూస్ లక్ష్యంగా పెట్టారు. వ్యూస్ వేలల్లో వచ్చాయి, రిపోర్టులో అవే గొప్పగా చూపించారు. వ్యూస్ అడిగితే మెటా చూసేవాళ్లనే వెతికి తెస్తుంది, కొనేవాళ్లని కాదు. సేల్స్ పెట్టినా, ఎవరు కొంటారో మెటా నేర్చుకుని యాడ్ కుదురుకోవడానికి వారానికి 50 దాకా ఆర్డర్లు కావాలంటారు, మా రోజుకి 500 బడ్జెట్‌తో అది అయ్యేది కాదు. ఈ మాట ముందే చెప్పి ఉంటే కొనడం బదులు కార్ట్‌లో వేసుకోవడాన్నే లక్ష్యంగా పెట్టేవాళ్లం.

తర్వాత మా అత్తయ్య వరండాలో కూర్చుని, పొద్దున ఎనిమిదింటి వెలుతురులో, అదే వంకాయ రంగు చీర మడత విప్పుతూ కొంగు చూపించి, బట్ట వెనక చేయి పెట్టి "చూడమ్మా, చేయి ఇంతే కనపడుతుంది, మరీ పలచన కాదు" అని, ధర మొదట్లోనే చెప్పేసింది. ఫోన్లో తీసిన 18 సెకన్లు. ఆ వీడియోకి వచ్చిన ఆర్డర్లలో రంగు తేడా అని ఒక్కటీ వెనక్కి రాలేదు.

కెమెరా అబ్బాయి తీసిన జరీ షాట్లు దానికి కలుపుదామని రా ఫుటేజ్, అంటే ఎడిట్ చేయని అసలు వీడియో, అడిగితే ఇంకో 6 వేలు అన్నారు. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే రా ఫుటేజ్ మీకు ఇస్తారా, నిలువుగా తీస్తారా, తెలుగు టెక్స్ట్ శాంపిల్ చూపిస్తారా అని అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. నా రేటింగ్ 5కి 2, ఆ రెండూ షూటింగ్‌కే.