జర్మన్ ఇంటిపేర్ల నిఘంటువు: అనంతపురం నుంచి ఒక పాఠకుని సమీక్ష

తెలుగు అచ్చు చరిత్ర చదివేవారికి ఇద్దరు జర్మన్లు తప్పక తారసపడతారు. 1746-47లో జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించిన బెంజమిన్ షుల్ట్సె ఒకరు, అంతకు ముందే 1706లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చిన క్రైస్తవ మత ప్రచారకుడు బార్తొలొమేయస్ ట్సీగెన్‌బాల్గ్ మరొకరు. అనంతపురంలో కూర్చుని ఆ ఇంటిపేర్ల పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలంటే, జర్మనీ డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువును మించిన ఆధారం నాకు కనిపించలేదు. మైన్ట్స్ నగరంలోని విజ్ఞాన సాహిత్య అకాడమీ, డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి 2012లో మొదలుపెట్టిన ఈ నిఘంటువును ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

షుల్ట్సె అంటే గ్రామాధికారి. ఊరివారు కట్టవలసినవి కట్టాలని ఆజ్ఞాపించే పెద్దకు పూర్వం ఉన్న షుల్ట్‌హైస్ అనే పదవి పేరే అరిగి అరిగి ఈ రూపానికి వచ్చింది. మన పల్లెల్లో తలారి పని ఇంటిపేరుగా నిలిచినట్లే అక్కడ అదీ నిలిచింది. అయితే ఈ నిఘంటువు అర్థం చెప్పి ఊరుకోదు. 2005 నాటి టెలిఫోన్ కనెక్షన్ల ఆధారంగా ఒకే పేరుకున్న రూపాల్లో ఏది ఏ ప్రాంతంలో ఎక్కువో పటంలో చూపిస్తుంది. షుల్టె పశ్చిమ జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలోనూ, షుల్ట్సె తూర్పు జర్మనీలోనూ దట్టంగా ఉంటాయి. షోల్ట్స్ అసలు నేడు చాలావరకు పోలండ్‌లో ఉన్న సైలీషియాది కాగా, 1945 తరువాత అక్కడి జర్మన్లు చెల్లాచెదురైనందువల్ల నేడు ఆ పేరువారు జర్మనీ అంతటా ఉన్నారు. పేరుతో పాటు వలసను కూడా చదవగలగడం నన్ను ఎంతో ఆకట్టుకుంది.

అరుదైన ట్సీగెన్‌బాల్గ్ వంటి పేరుకు మాత్రం ఓపిక కావాలి. ట్సీగె అంటే మేక, బాల్గ్ అంటే ఒలిచిన తోలు. కనుక మేకతోళ్ల పనివారికో, వాటిని అమ్మేవారికో వచ్చిన పేరని భావించవచ్చు. ధ్వని దగ్గరగా ఉంది కదా అని ట్సీగ్లర్ అనే పేరునూ మేకకు ముడిపెడితే పొరపాటవుతుంది, ఎందుకంటే అది ఇటుకలు, పెంకులు చేసేవారి పేరు. మన ఇంటిపేర్లకు ఊహలతో కథలు అల్లేవారందరూ ఈ నిఘంటువు పాటించే జాగ్రత్తను గమనించాలని నా కోరిక.

వివరణలన్నీ జర్మన్‌లో ఉండటం మనకు పెద్ద ఇబ్బంది. యంత్రానువాదం ఇంటిపేర్లను కూడా మామూలు మాటలుగా మార్చివేయగలదు కాబట్టి మూలాన్ని పక్కన పెట్టుకునే చదవాలి. అతి తక్కువ మందికి ఉన్న పేర్లకు పటంలో చుక్కలు పలుచగానే ఉంటాయి, వాటిని బట్టి మూలస్థానాన్ని తేల్చడం తగదు. వంశవృక్షం కోసం వెతికేవారికి ఇది ఉపయోగపడదు.