తెలుగు పీడీఎఫ్‌లను ఈ-బుక్ చేస్తామనే యాప్‌లకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

వెబ్ పేజీ అయినా పీడీఎఫ్ అయినా ఒక్క నొక్కుతో ఈపబ్ (ఈ-బుక్ ఫైలు రకం) చేసి, ఈ-బుక్‌లు చదివే కిండిల్‌కి పంపేస్తామనే యాప్‌ల ప్రకటనలు ఈ మధ్య తెగ వస్తున్నాయి. అలాంటి ఒకదానికి ఏడాది చందా కట్టాను. తెలుగు చదివేవాళ్లకి అది దండగ.

ఉచితంగా చూపించేది ఇంగ్లీషు వ్యాసం, అది చక్కగానే వస్తుంది. డబ్బు కట్టాక పాత సాహిత్య వ్యాసాల పీడీఎఫ్ ఒకటి ఇస్తే పేజీల నిండా రోమన్ అక్షరాలు, డాలరు గుర్తులు. మన పాత పుస్తకాలు, పత్రికలు చాలావరకు ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లలో డీటీపీ చేసినవి. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల కోడ్) కాదు కాబట్టి పైకి తెలుగు కనిపించినా లోపలున్న కోడ్ వేరు. యాప్ ఆ కోడ్‌నే ఎత్తి ఈపబ్‌లో పోసింది. సరే అని యూనికోడ్ పీడీఎఫ్ ఇచ్చాను. ‘రాష్ట్రం’లో వత్తులు ఊడి పక్క అక్షరానికి అతుక్కున్నాయి. సపోర్టుకి రాస్తే "అన్ని భాషలూ పనిచేస్తాయి" అని ఒకటే జవాబు. ఆ మాట నమ్మి ఇంకొకరు డబ్బు కడతారనే నా బాధ.

మీరు ముందుగా పీడీఎఫ్‌లోంచి ఒక తెలుగు లైను కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగుగానే పడితే మార్చడానికి కొంత ఆశ ఉంది. పిచ్చి గుర్తులు పడినా, అసలు లైను సెలెక్టే కాకపోయినా ఈ యాప్‌లని నమ్ముకోవద్దు, ఓసీఆర్ (పేజీ బొమ్మని చూసి అక్షరాలుగా మార్చడం) చేయించుకోవాల్సిందే. దానికి డబ్బు అక్కర్లేదు. ఫైల్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే చాలు. పెద్ద పుస్తకమైతే ముక్కలు చేసి పెట్టండి. తప్పులు వస్తాయి, కూర్చుని దిద్దుకోవాలి.

వెబ్ పేజీలకైతే కాలిబర్ అని కంప్యూటర్‌లో ఈ-బుక్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఉంది. 2006 నుంచీ ఉచితమే. పేజీని హెచ్‌టీఎంఎల్‌గా సేవ్ చేసి అందులో వేస్తే ఈపబ్ వస్తుంది. పీడీఎఫ్ నుంచి మార్చడం చాలా కష్టమని కాలిబర్ వాళ్లు తమ మాన్యువల్‌లోనే రాసి పెట్టారు. డబ్బు తీసుకునేవాళ్లు ఆ ముక్క చెప్పరు.

ఇంకో సంగతి. ఈ యాప్‌లో చేసిన పుస్తకాలు వాళ్ల సర్వర్‌లోనే ఉంటాయి, చందా అయిపోతే డౌన్‌లోడ్ బటన్ పోతుంది. మొజిల్లా లాంటి సంస్థే వెబ్ వ్యాసాలు దాచుకుని చదువుకునే తన పాకెట్ యాప్‌ని 2025 జులైలో మూసేసింది. అందుకని ఈపబ్ ఫైలు మీ కంప్యూటర్‌లోకి దిగి, వేరే రీడర్‌లో కూడా తెరుచుకుంటుందో లేదో మొదటి రోజే చూసుకోండి. అసలు పీడీఎఫ్‌ని మాత్రం చెరిపేయొద్దు.

ఉచిత ట్రయల్ అంటూ యూపీఐ ఆటోపే (గడువు రాగానే డబ్బు దానంతటదే కోసుకునే ఏర్పాటు) పెట్టించుకుంటారు. యాప్ తీసేసినంత మాత్రాన అది ఆగదు. ఫోన్‌పే, గూగుల్ పేలలో ఆటోపే విభాగంలోకి వెళ్లి మీరే రద్దు చేయాలి. డబ్బు కోతకి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, ఆ మెసేజ్ చూసీచూడనట్టు వదలకండి. ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. పాడైన పేజీల స్క్రీన్‌షాట్లు, రసీదు, సపోర్టు వాళ్ల జవాబు మూడూ దగ్గర పెట్టుకోండి.