క్లిప్పులు వేయించేటప్పుడు పళ్ళు తీయించాలా, వద్దా: ఏది మేలు?

క్లిప్పుల కోసం వెళ్తే డాక్టర్ "నాలుగు పళ్ళు తీయాలి" అంటారు. ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. పుచ్చని పన్ను ఎందుకు పీకించాలని పెద్దవాళ్ళు, మొహం లోపలికి పోతుందేమోనని పిల్లలు. రెండూ న్యాయమైన భయాలే. కానీ జవాబు మాత్రం మిల్లీమీటర్ల లెక్కలో ఉంది.

ఒక నోరే తీసుకుందాం. కింది వరుసలో పళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి 6 మి.మీ. చోటు తక్కువైంది అనుకోండి. ఏ పన్నూ తీయకుండా తీగతో వరుస సరిచేస్తే, ఆ చోటు చాలావరకు ముందు పళ్ళు ముందుకు వాలడం వల్లే దొరుకుతుంది. 1 మి.మీ. ముందుకొస్తే వరుసలో సుమారు 2 మి.మీ. చోటు వస్తుందని డాక్టర్ల లెక్క. అంటే ఇక్కడ 3 మి.మీ. ముందుకు.

అదే నోట్లో కోరపన్ను వెనకున్న మొదటి ప్రీమోలార్‌ను రెండు వైపులా తీస్తే? ఒక్కోటి సుమారు 7 మి.మీ. వెడల్పు, మొత్తం 14. వంకర తీర్చడానికి 6 పోగా మిగిలేది 8, అంటే ఒక్కో వైపు 4. ఇదంతా ముందు పళ్ళకే దక్కదు. వాటిని వెనక్కి లాగుతుంటే దవడపళ్ళు కూడా ముందుకు జరుగుతాయి. అవి సగం తీసుకుంటే ముందు పళ్ళు వెనక్కి వెళ్ళేది 2 మి.మీ. పెదవి అంత కూడా వెళ్ళదు. ఇలాంటి నోటికి మొహం పీక్కుపోతుందన్న భయం అక్కర్లేదు.

వంకర లేకుండా ఎత్తుపళ్ళు మాత్రమే ఉంటే కథ వేరు. ఒక్కో వైపు తీసిన పన్ను చోటు 7 మి.మీ. మొత్తం మిగులుతుంది. దవడ ఎముకలో చిన్న స్క్రూలు వేసి వాటి ఆధారంగా లాగితే దాదాపు అంతా ముందు పళ్ళకే వస్తుంది. పెదవులు మూయడానికి గడ్డం బిగబట్టాల్సి వచ్చేవాళ్ళకి నా ఓటు దీనికే. చోటు మూసుకునేది నెలకు సుమారు 1 మి.మీ. చొప్పున, కాబట్టి ఓపిక కావాలి. తొందరపడి గట్టిగా లాగితే పన్నులో బయటికి కనిపించే భాగం వెనక్కి వాలిపోతుంది, వేరు అక్కడే ఉండిపోతుంది.

మొహం బాగానే ఉండి వంకర మాత్రం ఎక్కువుంటే, మొదటిదాని వెనకున్న రెండో ప్రీమోలార్ తీయడం మంచి మధ్యేమార్గం. దవడపళ్ళు ఇంకాస్త ముందుకు జరుగుతాయి, ముందు పళ్ళు తక్కువ కదులుతాయి. రెండు మూడు మి.మీ. వంకరకైతే ఏ పన్నూ తీయించవద్దు. పళ్ళ మధ్య కొద్దిగా అరగదీస్తే చాలు, ఒక్కో సందులో అర మి.మీ. వరకు దొరుకుతుంది. పెదవులు ఇప్పటికే పల్చగా, లోపలికి ఉన్నవాళ్ళకి పళ్ళు తీయడమంటే నాకు భయమే.

డాక్టర్‌ని "తీయాలా?" అని మాత్రమే అడగకండి. "నా ముందు పళ్ళు ఎన్ని మి.మీ. ఎటు కదులుతాయి? స్క్రూలు వేస్తారా?" అని అడగండి. ఎక్స్‌రే మీద గీసి చూపించమనండి. ఎటూ తేలకపోతే మొదట పళ్ళు తీయకుండానే వరుస సరిచేసి, మొహం చూసి తర్వాత నిర్ణయించే పద్ధతీ ఉంది. చిగురు పల్చగా ఉన్నవాళ్ళకి మాత్రం అది మంచిది కాదు: పళ్ళను ముందుకు తోసి మళ్ళీ వెనక్కి లాగితే చిగురు దిగిపోయే ప్రమాదం ఉంది.