చెట్టుకు బోల్టా, నేలలో స్తంభమా?

మామిడి చెట్టు మీద పిల్లలకు చిన్న గుడిసె కట్టాలంటే ముందు తేలాల్సింది ఒకటే: కింది వేదిక బరువును చెట్టు మోయాలా, స్తంభాలు మోయాలా?

చెట్టుకే బిగిస్తే చూడముచ్చటగా ఉంటుంది. అయితే పది మేకులు కొట్టడం కంటే లావుపాటి బోల్టు ఒక్కటి నయం. దగ్గర దగ్గరగా పడ్డ గాయాలు కలిసిపోయి అక్కడి కలప కుళ్లుతుంది. కాండం చుట్టూ ఇనుప తీగ బిగించడం ఇంకా చేటు. చెట్టు లావెక్కే కొద్దీ అది బెరడులోకి దిగి, ఆకుల్లో తయారైన ఆహారాన్ని వేళ్లకు చేరనివ్వదు. రెండు కాండాల మధ్య దూలం వేస్తే ఒక కొస జరిగేలా వదలాలి. గాలికి రెండూ ఒకే తీరున ఊగవు. రెండు వైపులా బిగిస్తే బోల్టయినా తెగుతుంది, దూలమైనా చీలుతుంది.

స్తంభాలకు ఈ బెడద లేదు. గుంతలు తవ్వేటప్పుడు పెద్ద వేళ్లు నరకకుండా చూసుకుని, స్తంభాల మధ్య ఏటవాలు బద్దలు వేయాలి.

విశాఖలో నా ఓటు స్తంభాలకే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు వేళ్లతో సహా కూలిన చెట్లను చూసినవాళ్లకు కారణం చెప్పనక్కరలేదు. వేదికకూ కాండానికీ మధ్య కనీసం నాలుగు చేతివేళ్ల సందు వదిలితే చెట్టు దాని మానాన అది ఊగుతుంది. ఏది ఎంచుకున్నా బోల్టులు మాత్రం మందంగా జింకు పూత ఉన్నవే కొనండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్ల కిటికీ ఊచలు చూశారుగా, ఉప్పుగాలికి ఎలా పొరలు పొరలుగా రాలతాయో!